‘వత్తాను’ అంటే పడే తాళం

కార్తీకమాసం అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం, తెల్లారి ఐదూ నలభైకి మా ఇంటి తలుపు నా మాట విని తాళం వేసుకుంది. టైము నేను చూడలేదు, నా నెత్తి మీద బేసిను ఉంది. చూసింది మా వియ్యంకుడు. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి చేసి రిటైరైన మనిషి, ఏం జరిగినా ముందు గడియారం చూస్తాడు. “ఐదూ నలభై అండి, చెల్లెమ్మగారండీ!” అని లోపల్నుంచి కేకేశాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

ఆ తాళం పడకపోతే నా చేపల వ్యాపారం ఆ ఆదివారంతో సరి. అలాగని మా అబ్బాయి చెప్పాడు, సరే అని నేనూ ఒప్పుకున్నాను. ఆ సంగతే రాస్తున్నాను.

నేను జాలరిపేట దాన్ని. పుట్టిల్లూ అక్కడే, అత్తారిల్లూ అక్కడే, రెండు సందుల తేడా. పెళ్ళైన దగ్గర్నుంచి చేపలమ్ముతున్నాను. చదువు లేదు. యాభై దాటాక, పేటలో ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆడవాళ్ళకి బడి పెడితే, చూద్దాం ఏమవుతుందో అని వెళ్ళి కూర్చున్నాను. నాతో కూర్చున్నవాళ్ళు చాలామంది గుణింతాల దగ్గరే లేచిపోయారు. నేను వత్తుల దాకా వచ్చాను. టీచరమ్మ మంచిదే గానీ నా నోట్లో మాటలన్నీ తప్పులే అనేది. ‘నాను’ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘నేను’ అని రాసేది. ‘ఏటి’ అని రాస్తే ‘ఏమిటి’. ‘వత్తాను’ అని రాస్తే ‘వస్తాను’. నోట్లో మాట వేరు, కాయితం మీద మాట వేరు అని అర్థం కావడానికే నాకు చాలా రోజులు పట్టింది. అందుకే ఇక్కడ ‘నేను’ అని రాస్తున్నాను. నోటితో ‘నాను’ అంటాను. చదివేవాళ్ళు కంగారు పడొద్దు, ఇద్దరం ఒక్కరమే.

ఈ వయసులో ఇంకా చేపలెందుకు అని అందరూ అడుగుతారు. ఇంట్లో కూర్చుంటే నాకు తోచదు, అదీ జవాబు. తెల్లారకుండానే హార్బరులో ఉండాలి. వేలంపాట దగ్గర జనంలో మోచేతులతో దారి చేసుకోవాలి. ఐసులో ఉన్న చేప కన్ను చూసి, ఇది నిన్నటిదా అంతకు ముందుదా అని పాట పాడేవాడితో తగువు పెట్టుకోవాలి. ఆ తర్వాత అపార్టుమెంట్లు. లిఫ్టెక్కి, తలుపుల మీద తెలుగులో ఉన్న పేర్లన్నీ పైకి చదువుకుంటూ బెల్లు కొడతాను. చదువు నేర్చుకున్నందుకు నాకు దక్కిన పెద్ద సరదా అదే. పేరు ఇంగ్లీషులో రాసుకున్నవాళ్ళని నెంబరుతో పిలుస్తాను. వాళ్ళకి అదే శిక్ష.

ఇంట్లో మేం ముగ్గురం. మా అబ్బాయి పెద్ద బోటు నడిపే సరంగు. ఒకసారి హార్బరు దాటాడంటే మళ్ళీ ఒడ్డు చూసేసరికి పది పదిహేను రోజులు. కోడలు గాజువాక పిల్ల. వాళ్ళ నాన్న ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ప్రేమ పెళ్ళి. కొత్తలో నన్ను “అత్తయ్యగారండీ” అని పిలిచేది, ఎవరినో పిలుస్తోందనుకుని నేను పలికేదాన్ని కాదు. ఇప్పుడు “అత్తా” అంటుంది. ఆటోనగర్‌లో మోటార్లకి కంట్రోలు ప్యానళ్ళు కట్టే షెడ్డులో పనిచేస్తుంది. అక్కడ పగలంతా వైర్లు బిగించి, ఇంటికొచ్చి మళ్ళీ వైర్లే ముందేసుకుంటుంది. నేను చేపలు తిని చేపలమ్మినట్టు.

ఇక అసలు సంగతి. నేను మరిచిపోతాను. ముసల్దాన్ని, మరిచిపోతాను, అందులో సిగ్గేముంది? ఒకరోజు స్టవ్ మీద పులుసు పెట్టి హార్బరుకి వెళ్ళిపోయాను. ఇంకోరోజు తలుపు బార్లా తీసి వెళ్ళిపోయాను. తాళం వేసినా సుఖం లేదు. సముద్రపు గాలికి మా పేటలో ఇనప తాళాలు నిలవవు, కొబ్బరినూనె పోస్తే నాలుగు రోజులు తిరుగుతాయి, మళ్ళీ బిగుసుకుపోతాయి. తాళంచెవి కప్పలోనే విరిగి, కమ్మరిని పిలిచి పగలగొట్టించాం కూడా. సముద్రం మీంచి వచ్చిన మా అబ్బాయి ఇదంతా విని, “అమ్మా, ఇక సాలు. గంప అటక మీద ఎట్టీ. నువ్వు ఇంటి పట్టున ఉంటే నాను సముద్రం మీద నిమ్మళంగా ఉంటాను” అన్నాడు. ఇప్పుడు మోసేది బేసినే అయినా మా ఇంట్లో దాన్ని గంప అనే అంటాం.

“నువ్వు ఇంటి పట్టున ఉంటే నానూ నిమ్మళంగా ఉంటాను. ఉంటావేటి?” అన్నాను.

ఇద్దరం మొహాలు తిప్పుకుని కూర్చుంటే, కోడలు టెస్టరు చెవి మీద పెట్టుకుని మధ్యకొచ్చింది. “అత్తని ఆపడం ఎందుకు? తను మరిచిపోయేవి ఇల్లే చూసుకుంటుంది. ఇంటికో బుర్ర పెడతాను” అంది.

అంతకుముందు మా అబ్బాయి ఒక కంపెనీ తాళం కొని తెచ్చాడు. ఏ కంపెనీయో రాయను. వేలు పెడితే తెరుచుకుంటుందన్నారు. నా వేళ్ళు ఉప్పుకీ ఐసుకీ చేపల పొలుసుకీ అరిగిపోయి నున్నగా అయిపోయాయి. రేషను మిషనే నన్ను గుర్తుపట్టదు, ఇది పడుతుందా? పోనీ ఫోనుతో తెరుద్దామంటే, ఒక గాలివాన రోజు నెట్టు పోయింది, తాళం మొండికేసింది. మా ఇంటి తాళం తియ్యాలా వద్దా అని ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటరుని అడగాలట, దారి లేక అడగలేకపోయిందట. నేనూ నా చేపలూ మెట్ల మీద తడిసి ముద్దయ్యాం.

కోడలు పెట్టింది అలాంటిది కాదు. అగ్గిపెట్టెలు నాలుగు కలిపితే ఎంతుంటుందో అంత కంప్యూటరు ఫ్రిజ్ మీద పెట్టింది. స్విచ్చి బోర్డుల్లో బిళ్ళలు దూర్చింది, గ్యాసు పైపుకి బుడ్డ మోటారు బిగించింది, తలుపుకి కొత్త తాళం, గుమ్మం పక్కన మాట వినడానికీ మాట్లాడడానికీ ఒక గుండ్రటి డబ్బా. దానికి కావలసిన రాతంతా ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, తెరిచి పెట్టేశారట. ఎవరైనా తీసుకోవచ్చు, చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, బాగు చేస్తే ఆ బాగు మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్సు అంటారట.

“మరి ఆళ్ళకేటి లాభం?” అని అడిగాను.

“వాళ్ళకీ ఇల్లుంది కదా అత్తా. వాళ్ళ తలుపూ పడాలి కదా.”

నాకు అర్థమైంది. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు తాడు ఎవరైనా పట్టుకోవచ్చు, చెయ్యి వేసినవాడికి నాలుగు చేపలుంటాయి. ఆ లెక్క. పైగా మా మాటలు మా ఇల్లు దాటి బయటకి పోవంది, నెట్టు పోయినా తలుపు ఆగదంది. ఆ ముక్క నాకు బాగా నచ్చింది.

లోపలికి రావడానికి నాకో నీలం బిళ్ళ ఇచ్చింది. తాళం దగ్గర పెడితే తెరుచుకుంటుంది. ఎక్కడ పెట్టుకున్నా పారేస్తానని, బేసిను కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్టలో కుట్టేసింది. ఆ చుట్టని నేను నెత్తి మీంచి తియ్యను. అందుకని ఇంటికొచ్చినప్పుడల్లా ఖాళీ బేసిను చంకన పెట్టుకుని తలుపు ముందు తల వంచుతాను, అది కిర్రున తెరుచుకుంటుంది. పక్కింటి పిల్ల, నాతోపాటే చేపలమ్ముతుంది, నోరు పెద్దది, అది చూసి విరగబడి నవ్వింది. “ఓలప్పా! నీ ఇంటికి నువ్వే దండం ఎడతన్నావేటే?”

“ఎవులింటికో ఎట్టడం కన్నా ఇది నయం కాదేటే?” అన్నాను.

బయటికెళ్ళడానికి మాత్రం మాట చాలు. రెండు చేతులూ బేసిను మీద ఉంటాయి కాబట్టి కోడలు అలా పెట్టింది. “గుమ్మం దగ్గర నిలబడి ‘వెళ్తున్నాను’ అను అత్తా. లైట్లు, ఫ్యాను, గ్యాసు అన్నీ అదే ఆపేస్తుంది. నువ్వు తలుపు లాగి మెట్లు దిగేలోపు తాళం వేసేసుకుంటుంది” అంది. నేను తలూపాను.

మొదట్లో కోడలు ఇంట్లో ఉండగానే నేను బయల్దేరేదాన్ని, తలుపు ఆ పిల్లే చూసుకునేది. కార్తీకంలో దానికి పొద్దున్న షిఫ్టు పడింది, నాకన్నా ముందే వెళ్ళిపోయేది. అప్పుడు మొదలైంది తంటా. ఒకరోజు నేనొచ్చేసరికి తలుపుకి తాళం లేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, నా మంచం మీద పేట పిల్లి బొజ్జ పైకి పెట్టుకుని నిద్రపోతోంది. అటక కింద ఎండబెట్టిన నెత్తళ్ళు లేవు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిల్లికి ఆ వారం పండగ.

“మళ్ళీ మరిచిపోయేవు” అన్నాడు మా అబ్బాయి, ఒడ్డుకి రాగానే.

“మరవలేదురా. సెప్పేను. తలుపు లాగేను.”

“మరి ఫోనులో తలుపు తీసే ఉందని సూపిత్తంది కదే!”

“నీ ఫోను కళ్ళు కాలిపోను.”

అప్పుడు పెట్టాడు పందెం. కార్తీకంలో సగం విశాఖపట్నం నీచు ముట్టదు. నెల్లాళ్ళు పప్పన్నం తిన్న నోళ్ళన్నీ ఆ తర్వాతి ఆదివారం కోసం చూస్తుంటాయి. మాకు దాన్ని మించిన రోజు లేదు. “ఆ ఆదివారం అందరి ముందూ బయల్దేరి సూపించు. తాళం పడితే నీ గంప నీది, నాను మరి నోరెత్తను. పడకపోతే గంప అటకెక్కుద్ది, నువ్వు నోరెత్తకూడదు” అన్నాడు. నేను సరేనన్నాను. నేను వేస్తున్నానని నాకు తెలుసు. తాళం ఎందుకు పడటం లేదో మాత్రం తెలియదు.

శనివారం రాత్రికే వియ్యంకుడు గాజువాక నుంచి దిగాడు, సంచిలో పూతరేకులు పట్టుకుని. ఆదివారం ఐదింటికల్లా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి పిల్ల కింద ఆటో నిలబెట్టి పైకొచ్చింది. “అప్పా, బేగి రా, వేలం అయిపోద్ది. ఇయేల సందువాలు గట్రా బాగా దిగుతాయంట” అని కాళ్ళూ చేతులూ ఆడించేస్తోంది.

నేను చీర దోపుకున్నాను. చుట్ట నెత్తిన పెట్టుకున్నాను, దాని మీద బేసిను. గుమ్మం దగ్గర నిలబడి, డబ్బా వైపు తిరిగి, రోజూ అన్నట్టే గట్టిగా అన్నాను.

“వత్తాను.”

డబ్బా ముద్దుగా “స్వాగతం” అంది.

నేను బయటికి అడుగేసి తలుపు లాగాను. వెనక్కి తిరిగి చూడలేదు. బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి చూడటం మా ఇళ్ళల్లో లేదు. అందుకే అన్ని రోజులూ నాకు ఏమీ తెలియలేదు. ఆ రోజు మాత్రం లోపల్నుంచి మా అబ్బాయి గొంతు వినిపించింది. “సూసేవా? పడలేదు. లైటూ ఆరలేదు.” తలుపు లోపలికి లాగాడు, అది తెరుచుకుంది. “గంప ఇలగియ్యి.”

“ఉండండుండండి” అంది కోడలు. నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “అత్తా, అది స్వాగతం అందేంటి? రోజూ అలాగే అంటోందా?”

“రోజూ అదే అంటది.”

“ఎప్పుడూ నాతో చెప్పలేదే!”

“మర్యాద సేత్తందనుకున్నాను. పెళ్ళి పందిళ్ళ దగ్గర రాసుంటది కదేటి, స్వాగతం అని. బయల్దేరేటప్పుడు స్వాగతం ఏటా అనుకున్నాను గాని, మళ్ళీ రమ్మంటందేమోలే అనీసుకున్నాను.”

వియ్యంకుడు కుర్చీలో కిందికీ మీదికీ అయిపోయాడు నవ్వలేక. కోడలు నవ్వలేదు. “ఇందాక ఏమన్నావ్? మళ్ళీ అను.”

“వత్తాను.”

డబ్బా మళ్ళీ “స్వాగతం” అంది. తాళం కిర్రుమంది.

కోడలు నుదురు కొట్టుకుంది. “‘వచ్చాను’ అనుకుంటోంది! అత్తా, నువ్వు బయటికెళ్తూ వత్తాను అంటున్నావు, అది వచ్చాను అని విని, ఎవరో వచ్చారని తాళం తీసి లైట్లేసి ఫ్యాను పెడుతోంది. నేను ‘వెళ్తున్నాను’ అనమన్నాను కదా!”

“అన్నావు.”

“మరి?”

“నానా మాట అనను.”

“ఏమొచ్చిందమ్మా?” మా అబ్బాయికి విసుగొచ్చింది. “ఒక్క మాట. వెళ్తన్నాను. అనీసి ఎలిపో. తాళం పడిపోద్ది, గంప నీదే. నానే ఒప్పేసుకుంటన్నాను కదా.”

“అనను.”

“అప్పా, అనీయే, వేలం!” అని పక్కింటి పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

బేసిను దించాను. గచ్చు మీద పెట్టాను, కాస్త గట్టిగానే చప్పుడైంది. “అయితే తీసుకెళ్ళి అటక మీద ఎట్టుకో” అన్నాను.

నా సరుకంతా పోతోందని నాకు తెలుసు. చందువాలు, రొయ్యలు, నాలుగో అంతస్తు ఆవిడ నెల్లాళ్ళ నుంచి చెప్పి ఉంచిన కానాగంతలు, అన్నీ కళ్ళ ముందు ఆడుతున్నాయి. అయినా నోరు రాలేదు. మా అబ్బాయి మొహంలోకి చూసి ఒక్కటే అడిగాను.

“నువ్వు బోటెక్కేటప్పుడు గుమ్మంలో నాతోటి ఏటని సెప్తావు?”

వాడు చూపు బేసిను మీదకి తిప్పాడు.

“సెప్పరా, ఏటంటావు?”

“వత్తానమ్మా అంటాను.”

“మీ నాయన ఏటనీవోడు?”

“వత్తానే అనీవోడు.”

“నువ్వు బోటెక్కే రోజున ఈ గుమ్మంలో నిలబడి ‘వెళ్తన్నానమ్మా’ అని నాతోటి అను. ఆ రోజు నానూ అంటాను.”

వాడు తల వంచుకున్నాడు. వాడు అనడు. మా పేటలో ఏ మగాడూ అనడు, విని ఊరుకునే ఆడదీ లేదు. సముద్రం మీద బతికే ఇంట్లో ఆ మాట వాడకంలో లేదు, అంతే. బయటికెళ్ళేది తిరిగి రావడానికే కాబట్టి, వచ్చేదే ముందు చెబుతాం. చేపలకి నేను రోజూ హార్బరు దాకానే వెళ్తాను, సముద్రం మీదకి కాదు. ఎంత దూరం అన్నది లెక్క కాదు, గుమ్మం గుమ్మమే.

కుర్చీలోంచి వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. “ఆయ్. ఇది చెల్లెమ్మగారి ఒక్కరిదీ కాదండి. మా వైపూ అంతేనండి. ‘వెళ్ళొస్తానండి’ అంటాం గానీ ఉత్తినే వెళ్తాననం. నేను ముప్పయ్యేళ్ళు షిఫ్టుకి బయల్దేరుతూ మీ అమ్మతో ఏమనేవాణ్ణే, అమ్మాయ్?”

“వెళ్ళొస్తా అనేవాడివి” అంది కోడలు నెమ్మదిగా.

“మరి నీ డబ్బాకి ఆ మాట ఎవరు నేర్పారే?”

“ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేశాను నాన్నా. లీవింగ్ అని ఉంటే వెళ్తున్నాను అని రాసేశాను.” నాలిక్కరుచుకుంది. “ఇంట్లో ఎవరేం అంటారో ఆలోచించలేదు.”

“సదూకున్న డబ్బా, మర్యాద తెల్దు పాపం” అన్నాను. అప్పటికి నాక్కూడా నవ్వొచ్చేసింది.

ఇంతలో పక్కింటి పిల్ల కనబడలేదు. ఎటు పోయిందా అనుకుంటుంటే వీధి వైపు కిటికీ బయట్నుంచి దాని గొంతు. “వచ్చేనే! నానే దొంగని, వచ్చేను!”

“స్వాగతం” అంది డబ్బా. తాళం కిర్రుమంది.

ఆ నవ్వుకి ఎదురింటి వాళ్ళు కూడా లేచి ఉంటారు. మా అబ్బాయి గోడ పట్టుకుని మరీ నవ్వాడు. కోడలు మొహం ఎర్రగా అయిపోయింది. ల్యాప్‌టాప్ తెచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “ముందు ఇది పీకేస్తాను. మాటతో తాళం వెయ్యొచ్చు గానీ మాటతో తియ్యకూడదు. బుద్ధొచ్చింది. తియ్యడానికి బిళ్ళే” అని ‘వచ్చాను’ తీసి పారేసింది. ఆ తర్వాత వాకిట్లో దొంగ ఎంత అరిచినా డబ్బా పలకలేదు. దొంగ విసిగి లోపలికొచ్చింది.

“ఇప్పుడు నీ మాట” అని కోడలు ఫోను నా చేతికిచ్చింది. ల్యాప్‌టాప్‌లో తెరిచిందే అందులోనూ తెరిచింది. చుట్టూ ఇంగ్లీషు, మధ్యలో కొమ్ముల్లాంటి రెండు గుర్తుల నడుమ తెలుగులో ‘వెళ్తున్నాను’. “నువ్వే మార్చు అత్తా. ఇది తెరిచి పెట్టిన రాత, ఎవరింటి మాట వాళ్ళు రాసుకోవచ్చు.”

కళ్ళజోడు తెచ్చుకున్నాను. వేలితో ఒక్కో అక్షరం చెరిపాను. వ. తర్వాత త, దాని కింద త వత్తు, దానికి దీర్ఘం. ను. చూస్తుండగానే ఫోను దాన్ని ‘వస్తాను’ చేసేసింది. మళ్ళీ చెరిపి మళ్ళీ రాశాను. మళ్ళీ ‘వస్తాను’ చేసింది.

“ఇదీ మా టీచరమ్మ దగ్గరే సదూకున్నాదేటి?” అన్నాను.

కోడలు ఆ దిద్దే రోగం ఆపింది. మూడోసారి రాశాను, నిలబడింది. వత్తాను. ఇన్నాళ్ళూ నేను రాసిన ప్రతి కాయితం మీదా నా మాటకి ఎవరో ఒకరు ఎర్ర గీత పెట్టినవాళ్ళే. నోటితో అన్నదాన్ని అన్నట్టు రాస్తేనే పని జరిగేది నా జీవితంలో ఇదే మొదటిసారి. కాసేపు దానివైపే చూశాను. బాగుంది. ఆ త వత్తు కొంచెం నిక్కి చూస్తున్నట్టుంది కూడా.

“అప్పా, వేలం!” అంది పక్కింటి పిల్ల.

కోడలు ఏవో రెండు నొక్కి, “అను” అంది.

“వత్తాను.”

“వీడ్కోలు” అంది డబ్బా.

“అదేటి?”

“పంపించేటప్పుడు అనే మాట అత్తా.”

“అది రిటైరైనోళ్ళకి దండేసి అనే మాట కాదేటి?”

“ఆయ్, నాకన్నారండి!” అన్నాడు వియ్యంకుడు. “శాలువా కూడా కప్పారండి. మర్నాటి నుంచి గేటులోకి రానివ్వలేదండి.”

“ఇన్నావా? పొద్దున్నే నన్ను రిటైరు సేసెత్తంది. మార్సు” అన్నాను.

ఏం పెట్టాలా అని కోడలు తల గోక్కుంటుంటే, అప్పటిదాకా గోడకానుకుని ఉన్న మా అబ్బాయి ముందుకొచ్చాడు. “ఆ ఫోను ఇలగియ్యి. దాంట్లో గొంతు పట్టొచ్చా?” అని అడిగాడు. పట్టొచ్చంది. వాడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నా వైపు చూడకుండా, కిటికీ వైపు తిరిగి అన్నాడు. “మంచిది, రా అమ్మా.”

వాడు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నేను అనే మాట అది. మంచిది, రా నాయనా అంటాను. వాడు వింటాడని తెలుసు గానీ, దాచుకున్నాడని తెలియదు.

కోడలు ఆ గొంతుని డబ్బాలోకి ఎక్కించింది. నేను బేసిను ఎత్తుకున్నాను. ఈసారి అందరూ లోపలే నిలబడి ఊపిరి బిగబట్టారు, రాకెట్టు వదులుతున్నట్టు. గుమ్మంలో ఆగి, డబ్బా వైపు తిరిగి అన్నాను.

“వత్తాను.”

“మంచిది, రా అమ్మా” అంది డబ్బా, మా అబ్బాయి గొంతుతో.

లైటు ఆరింది. ఫ్యాను మెల్లగా ఆగింది. వంటింట్లో గ్యాసు మోటారు గిర్రున తిరిగి మూసుకుంది. తలుపు లాగాను. రెండు మెట్లు దిగేసరికి వెనక తాళం పడింది, బరువుగా, దిట్టంగా, నడివయసు మనిషి తలూపినట్టు. లోపల చీకట్లో చప్పట్లు. వియ్యంకుడు టైము అరిచాడు. ఆ వెంటనే మా అబ్బాయి కేక. “అమ్మా, లోపలున్నోళ్ళం మేం ఎలగ రావాలే?” కోడలు ఏదో చెబుతోంది, లోపల్నుంచి పిడి తిప్పితే చాలని. నేను వెనక్కి తిరగలేదు. ఆటోలో కూర్చున్నాక కడుపు పట్టుకుని నవ్వాను.

ఆలస్యమైనా ఆ రోజు మంచి చందువాలే దొరికాయి. నాలుగో అంతస్తు ఆవిడకి కానాగంతలు ఇచ్చాను, ఆవిడ తలుపు పేరు మళ్ళీ ఒకసారి పైకి చదివాను. మధ్యాహ్నానికి బేసిను ఖాళీ. ఇంటికొచ్చి తల వంచాను, తలుపు తీసింది. మా అబ్బాయి పీట వేసి, గంప పెట్టుకునే చోటు కడిగి ఉంచాడు. ఇప్పుడు వాడు సముద్రం మీద ఉన్న రోజుల్లో కూడా పొద్దున్నే నన్ను ఆ మాటతోనే పంపిస్తున్నాడు.

కోడలు ఊరుకునే రకం కాదు. నా మాటని ఆ తెరిచి పెట్టిన రాతలో, అందరూ వాడుకునే తెలుగు మాటల దగ్గర చేర్చమని పంపింది. ఎవరో తెలుగాయనే చూసి, ‘ఇది అచ్చుతప్పు కదా?’ అని అడిగాడట. కోడలు తిరిగి రాసింది: ‘తప్పు కాదండి, మా అత్త.’ చేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా తమ ఇంట్లో పెట్టుకోవచ్చు. టీచరమ్మ కనబడితే చెప్పాలి.

పేర్లు రాయొద్దనుకున్నాను కాబట్టి వరసలతో చెబుతాను. ఆ ఆదివారం పొద్దున్న అక్కడ ఉన్నవాళ్ళు: నేను. సముద్రం మీంచి వచ్చిన మా అబ్బాయి. చెవి మీద టెస్టరుతో మా కోడలు. బొట్టు పెట్టుకుని గడియారం చూస్తూ ఆమె నాన్న, నా వియ్యంకుడు, నాకన్నా చిన్నవాడైనా నన్ను చెల్లెమ్మా అనే మనిషి. దొంగ వేషం వేసిన పక్కింటి పిల్ల. కింద హారను కొడుతూ ఆటో అతను. ఇంకా నా మంచం కింద, అప్పటిదాకా ఎవరూ చూడని పేట పిల్లి. తాళం పడ్డాక లోపలున్న వాళ్ళకి దాని కళ్ళే ముందు కనిపించాయట.